ఇంగ్లీషులోని వింత గ్రీకు మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్పెల్లింగ్ చూడగానే టెన్షన్ పుట్టించే ఇంగ్లీషు మాటల్లో చాలావాటి పుట్టిల్లు గ్రీకు భాష. వాటిని బట్టీ పట్టనక్కర్లేదు. బళ్లో సమాసానికి విగ్రహవాక్యం చెప్పినట్టు విడదీసి చూస్తే అర్థం దానంతట అదే బయటపడుతుంది. కాంపిటీటివ్ పరీక్షలకు చదివేవాళ్లూ, మెడికల్ విద్యార్థులూ, అమెరికాలో పిల్లల్ని స్పెల్లింగ్ బీ అనే పోటీకి తయారుచేసే అమ్మానాన్నలూ ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి.

ఒక మాట గ్రీకు నుంచి వచ్చిందని ఎలా గుర్తుపట్టాలి?

స్పెల్లింగే పట్టిస్తుంది. "ఫ" శబ్దానికి ఎఫ్ బదులు పి, హెచ్ కలిపి రాశారంటే అది దాదాపుగా గ్రీకు మాటే: ఫోటో, ఫిలాసఫీ, ఫోబియా. సి, హెచ్ రాసి "క" అని పలికితే కూడా అంతే: కెమిస్ట్రీ, క్రానిక్, ఆర్కిటెక్ట్. మాట మధ్యలో ఐ ఉండాల్సిన చోట వై కనిపించినా (సిస్టమ్, టైఫాయిడ్), ఆర్ పక్కన హెచ్ ఊరికే నిలబడి ఉన్నా (రిథమ్, రుమాటిజం) అనుమానించవచ్చు.

సైకాలజీ, న్యుమోనియా లాంటి మాటల మొదట్లో పలకని "పి" గురించి చాలామంది అడుగుతారు. గ్రీకులు దాన్ని పలికేవారు. "ప్స" అనే జంట శబ్దానికి వాళ్లకు విడిగా ఒక అక్షరమే ఉంది. ఇంగ్లీషువాళ్ల నాలుకకు మాట మొదట్లో ఆ సంయుక్తాక్షరం తిరగలేదు కాబట్టి పలకడం మానేశారు, రాయడం మాత్రం మానలేదు. అలాంటి జంట శబ్దమే మాట మధ్యలో వస్తే హాయిగా పలుకుతారు. హెలికాప్టర్ చూడండి. దాన్ని అందరూ "హెలి", "కాప్టర్" అని విరుస్తారు. అసలు విరుపు "హెలికో", "ప్టెర్". హెలికో అంటే మెలి తిరిగినది, ప్టెరాన్ అంటే రెక్క. మెలి తిరిగే రెక్క అన్నమాట. 1861లో ఫ్రాన్సులో గుస్తావ్ పాంటాన్ దామెకూర్ ఈ పేరు కట్టాడు.

ఇన్ని గ్రీకు మాటలు ఇంగ్లీషులోకి ఎలా వచ్చాయి?

మూడు దారుల్లో. రోమన్లు గ్రీకు గురువుల దగ్గర చదువుకున్నారు కాబట్టి కొన్ని లాటిన్‌లోకి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చాయి. కొన్ని ఫ్రెంచి మీదుగా వచ్చాయి. మూడో దారి అన్నిటికన్నా పెద్దది: కొత్త వస్తువు కనిపెట్టినప్పుడల్లా శాస్త్రవేత్తలు గ్రీకు ధాతువులు తీసుకుని పేరు కట్టుకున్నారు. మనవాళ్లు "దూరదర్శన్", "విశ్వవిద్యాలయం" అని సంస్కృతంతో కట్టుకున్నారు కదా, అదే పద్ధతి. 1834లో మైకేల్ ఫారడే తన విద్యుత్ ప్రయోగాలకు పేర్లు కావాలని విలియం హ్యూయెల్ అనే పండితుణ్ని అడిగితే ఆయన ఆనోడ్, కేథోడ్ అని సూచించాడు. "అన" అంటే పైకి, "కత" అంటే కిందికి, "హోడోస్" అంటే దారి. పైకి పోయే దారి, కిందికి దిగే దారి. పదో తరగతి పిల్లలకు ఈ ఒక్క వాక్యం చెబితే ఆ రెండు మాటలకూ ఒక అర్థం దొరుకుతుంది, ఊరికే గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుంది.

కాబట్టి గ్రీకు మాట అనగానే సోక్రటీస్ పలికిన మాట అనుకోకూడదు. టెలిఫోన్, డైనోసార్ లాంటివి ఆయన కాలంలో లేనే లేవు.

ఈ పోగు ఎంత పెద్దదో చూపించిన మనిషి ఒకాయన ఉన్నాడు. గ్రీసు దేశపు కేంద్ర బ్యాంకు గవర్నర్ క్సెనోఫోన్ జోలోటాస్, 1957లోనూ 1959లోనూ వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు సమావేశాల్లో ఇంగ్లీషులో మాట్లాడాడు. "ది", "ఆఫ్", "టు" లాంటి చిన్న మాటలు పక్కనపెడితే ఆ రెండు ప్రసంగాల్లోనూ ఆయన వాడినవన్నీ గ్రీకు మూలం ఉన్న మాటలే. ఆయన తర్వాత 1989లో గ్రీసు ప్రధాని కూడా అయ్యాడు.

సంస్కృత పదాలు తెలిసినవాళ్లకు గ్రీకు తేలిక అంటారు, నిజమేనా?

నిజం. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే పండితుడు సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని చెప్పాడు. తెలుగు ఆ కుటుంబంలోది కాదు, ద్రావిడ భాష. కానీ మన రోజువారీ తెలుగులో సంస్కృత పదాలు దండిగా ఉన్నాయి కాబట్టి సగం తాళంచెవులు ఇప్పటికే మన చేతిలో ఉన్నట్టే.

లేదు అని చెప్పడానికి మనం అ, అన్ వాడతాం: అజ్ఞానం, అనర్హత. గ్రీకులో కూడా అవే: అనీమియా అంటే రక్తం లేకపోవడం, అటామ్ అంటే కోయడానికి వీల్లేనిది. చెడుకు మనకు "దుః" ఉంది, వాళ్లకు "డిస్" ఉంది. దుర్దశ పక్కన డిసెంట్రీ పెట్టి చూడండి. చుట్టూ అనడానికి మన "పరి", వాళ్ల "పెరి". పరిధికీ పెరీమీటర్‌కూ చుట్టరికం అక్కడే. మన పంచ, సప్త, అష్ట, దశ వాళ్ల పెంటె, హెప్టా, ఆక్టో, డెకా. పాదం "పాడ్" అయింది, దంతం "ఒడాంట్" అయింది, నామం "ఒనొమ" అయింది. ఆక్టోపస్ అంటే అచ్చంగా అష్టపాది. హెలికాప్టర్‌లో చూసిన "ప్టెరాన్" కూడా మన "పత్రం" అక్కచెల్లెళ్లే, సంస్కృతంలో పత్రానికి రెక్క అనే అర్థం ఉంది.

ఇది పరీక్ష హాల్లో ఎంత పనికొస్తుందో చెప్పలేను అనేవాళ్లున్నారు. నా అభిప్రాయం వేరు. తెలియని మాట ఎదురైనప్పుడు నాలుగు ఆప్షన్లలో రెండిటిని కొట్టేయడానికి ఈ ఉపసర్గలు చాలు.

బౌస్ట్రోఫిడాన్ అంటే ఏమిటి? ఎక్కడ వాడతారు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇది. "బౌస్" అంటే ఎద్దు, "స్ట్రోఫే" అంటే తిరగడం. పొలం దున్నేటప్పుడు ఎద్దులు చాలు చివరికి వెళ్లి, అక్కడే వెనక్కి తిరిగి, పక్క చాలు పట్టుకుని వస్తాయి. అలా మొదటి పంక్తి ఎడమ నుంచి కుడికి, రెండో పంక్తి కుడి నుంచి ఎడమకు, మూడోది మళ్లీ ఎడమ నుంచి కుడికి రాసే పద్ధతే బౌస్ట్రోఫిడాన్. పాతకాలపు గ్రీకులు ఇలా రాసేవారు. క్రీట్ ద్వీపంలో గోర్టిన్ అనే చోట క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు చట్టాలను రాతిగోడ మీద ఈ పద్ధతిలోనే చెక్కారు. వెనక్కి తిరిగే పంక్తుల్లో అక్షరాలు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి.

దీన్ని చూడటానికి క్రీట్ దాకా పోనక్కర్లేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శిలాశాసనాలు ఉన్నాయి. బ్రాహ్మీ లిపిని మామూలుగా ఎడమ నుంచి కుడికే రాస్తారు. ఎర్రగుడి చిన్న శిలాశాసనంలో మాత్రం కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు తిరిగి వస్తాయి. అశోకుడి శాసనాల్లో ఇది అరుదైన విషయం. చెక్కినవాడు అలా ఎందుకు చెక్కాడన్నది పండితుల చర్చ. కానీ గుత్తి, పత్తికొండ వైపు వెళ్లేవాళ్లు ఆగి చూడదగ్గ బండ అది.

అశోకుడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కాందహార్ దగ్గర 1958లో బయటపడిన ఆయన శాసనం గ్రీకులోనూ అరమాయిక్‌లోనూ ఉంది. అందులో "ధమ్మ" అనే మాటకు గ్రీకులో "యూసెబియా" అని రాశారు. భక్తి, పెద్దల పట్ల గౌరవం కలిసిన మాట అది.

తొలకరి వానకు వచ్చే మట్టి వాసనకు ఇంగ్లీషులో పేరుందా?

ఉంది, పెట్రికోర్. "పెట్రా" అంటే రాయి. "ఐకోర్" అంటే గ్రీకు పురాణాల్లో దేవతల ఒంట్లో రక్తానికి బదులు పారే ద్రవం. రాతిలోంచి ఊరిన దివ్యరసం అన్నమాట.

మాట ప్రాచీనంగా వినిపిస్తుంది కానీ పుట్టింది 1964లో. ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాసిన వ్యాసంలో దీన్ని మొదటిసారి వాడారు. ఎండాకాలమంతా మొక్కల నుంచి వచ్చే నూనెలు ఎండిన మట్టిలో, రాళ్లలో ఇంకి ఉంటాయి. చినుకు పడగానే ఆ వాసన గాలిలోకి లేస్తుంది. దానితో పాటు మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం కూడా ఉంటుంది. అదీ గ్రీకే: "గే" అంటే నేల, "ఒస్మె" అంటే వాసన.

ఈ ఆస్ట్రేలియా పరిశోధకులకు మన దేశం సంగతి తెలుసు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టి నుంచి ఈ వాసనను బట్టీ దింపి గంధపు నూనెలో పట్టి "మిట్టీ అత్తరు" పేరుతో అమ్మడం ఎప్పటి నుంచో ఉంది. పేరు పెట్టింది వాళ్లు, సీసాలో పట్టింది మనవాళ్లు.

సిజిజీ అనే మాటలో మూడు వైలు ఎందుకున్నాయి?

ఇంగ్లీషు అచ్చులు ఒక్కటీ లేకుండా మూడు వైలతో నడిచే ఈ మాటలో "సిన్" అంటే కలిసి, "జుగాన్" అంటే కాడి. ఒకే కాడికి కట్టడం. మన "యుగం", "యోగం", ఇంగ్లీషు "యోక్" ఈ జుగాన్‌కు బంధువులే. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరుసలోకి రావడాన్ని ఖగోళంలో సిజిజీ అంటారు. అంటే ప్రతి అమావాస్యా, ప్రతి పౌర్ణమీ సిజిజీయే. వరుస మరీ సూటిగా కుదిరితే గ్రహణం.

అలాంటి ఒక సిజిజీ గుంటూరుకు చరిత్రలో చోటు ఇచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ పరికరాలతో గుంటూరు వచ్చాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని జాన్సెన్‌కు గుంటూరులోనే తట్టింది, మర్నాడు చూశాడు కూడా. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా గ్రహణంతో పనిలేకుండా ఆ గీతలు చూశాడు. వాటిలో పసుపుపచ్చ గీత, మొదట అనుకున్నట్టు సోడియం అనే మూలకానిది కాదని తేలింది. అప్పటికి భూమ్మీద ఎవరికీ తెలియని మూలకానిది ఆ గీత. సూర్యుడిలో దొరికింది కాబట్టి గ్రీకు "హీలియోస్" పేరుతో హీలియం అన్నారు. భూమ్మీద దాన్ని 1895లో విలియం రామ్సే పట్టుకున్నాడు.

ఆ రామ్సేయే తన సహచరులతో కలిసి కనిపెట్టిన మిగతా వాయువుల పేర్లూ గ్రీకే. ఆర్గాన్ అంటే పని చేయనిది, నియాన్ అంటే కొత్తది, క్రిప్టాన్ అంటే దాక్కున్నది, జినాన్ అంటే పరాయిది.

ఆస్ట్రసైజ్ చేయడం అంటే వెలివేయడమేనా?

ఇప్పటి వాడుకలో అవును. పుట్టినప్పుడు మాత్రం అది ఓటింగ్. "ఆస్ట్రకాన్" అంటే కుండపెంకు. ప్రాచీన ఏథెన్సులో ఎవరైనా మరీ బలవంతుడై ఊరికి ముప్పు తెస్తాడనిపిస్తే, పౌరులు అతని పేరు కుండపెంకు మీద గీకి వేసేవారు. మొత్తం 6000 పెంకులు పడాలి. ఎక్కువమంది ఎవరి పేరు రాస్తే అతను 10 ఏళ్లు ఊరు విడిచి వెళ్లాలి. ఆస్తి జప్తు చేయరు, గడువు తీరాక తిరిగి రావచ్చు.

అరిస్టైడిస్ అనే నాయకుడికి "న్యాయవంతుడు" అని పేరు. అతన్ని వెళ్లగొట్టే ఓటింగ్ రోజున జరిగిన సంగతి ప్లూటార్క్ అనే ప్రాచీన గ్రీకు రచయిత రాశాడు. రాయడం రాని పల్లెటూరి మనిషొకడు, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియక, పెంకు అరిస్టైడిస్ చేతికే ఇచ్చి "దీని మీద అరిస్టైడిస్ అని రాసిపెట్టు" అన్నాడు. ఆయన నీకేం అన్యాయం చేశాడని అడిగితే "ఏమీ చేయలేదు, అతనెవరో కూడా నాకు తెలియదు. ఎక్కడికెళ్లినా న్యాయవంతుడు, న్యాయవంతుడు అనే మాట విని విసుగొచ్చింది" అన్నాడు. అరిస్టైడిస్ మారు మాట్లాడకుండా తన పేరు తానే రాసి ఇచ్చాడు.

అన్నీ ఇంత నిజాయితీగా జరగలేదు. ఏథెన్సు కోటకొండ ఉత్తరపు వాలు దగ్గర ఒక బావిలో థెమిస్టోక్లీస్ అనే మరో నాయకుడి పేరు రాసిన 190 పెంకులు దొరికాయి. చేతిరాత పరీక్షిస్తే వాటిని రాసింది 14 మందే అని తేలింది. ముందుగానే రాయించి పంచడానికి పోగేసినవి కాబోలు.

పుట్టినప్పుడు ఒక అర్థం, ఇప్పుడు వేరే అర్థం ఉన్న మాటలు ఏవి?

చాలా. సికొఫాంట్ అంటే ఇప్పుడు కాకా పట్టేవాడు, భజనపరుడు. ఏథెన్సులో మాత్రం జనం మీద దొంగకేసులు పెట్టి బతికేవాణ్ని అలా పిలిచేవారు. మాటను విడదీస్తే "అత్తిపండు చూపించేవాడు" అని వస్తుంది, ఎందుకలా అన్నారో పండితులు ఇప్పటికీ ఒక మాట మీదకు రాలేదు. నేటి గ్రీకులో ఆ మాటకు నిందలు వేసేవాడనే అర్థమే నడుస్తోంది, కాబట్టి ఏథెన్సు వెళ్లినవాళ్లు ఇంగ్లీషు అర్థంలో వాడితే గొడవే.

ఇడియట్ అంటే మొదట తిట్టు కాదు. ఊరి వ్యవహారాల్లో కల్పించుకోకుండా తన పని తాను చూసుకునే మామూలు మనిషి. స్కూల్‌కు మూలమైన "స్కొలే" అంటే తీరిక. తీరిక దొరికితేనే చర్చ, చర్చ ఉంటేనే చదువు అని వాళ్ల లెక్క. తెల్లవారుజామున మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే మన రెసిడెన్షియల్ కాలేజీల పిల్లలకు ఈ మాట చరిత్ర తప్పకుండా చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

నోస్టాల్జియా సంగతి వేరు. అది జబ్బు పేరు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి బాసెల్ నగరంలో రాసిన సిద్ధాంత గ్రంథం కోసం దాన్ని కట్టాడు. "నోస్టోస్" అంటే ఇంటికి తిరిగి రావడం, "అల్గోస్" అంటే నొప్పి. పరాయి దేశాల్లో ఉన్న స్విట్జర్లాండు వాళ్లు ఇంటి మీద బెంగతో చిక్కి శల్యమవడం చూసి అలా పేరు పెట్టాడు. దుబాయ్‌కో, డాలస్‌కో వెళ్లినవాళ్లకు ఈ జబ్బు లక్షణాలు వివరించనక్కర్లేదు. ఇప్పుడు మనం పాత సినిమా పాట విని "నోస్టాల్జియా" అంటున్నాం. మాట చాలా మెత్తబడింది.

ఊళ్ల పేర్ల నుంచి వచ్చినవి ఉన్నాయా?

ఉన్నాయి. స్పార్టా ఉన్న ప్రాంతం లకోనియా. అక్కడివాళ్లు పొదుపుగా మాట్లాడతారని పేరు. మాసిడోనియా రాజు ఫిలిప్ "నేను మీ దేశంలో అడుగుపెడితే మిమ్మల్ని తుడిచిపెడతాను" అన్న ధోరణిలో కబురు పంపితే వాళ్లు ఒకే మాటతో జవాబిచ్చారట: "పెడితే". అందుకే ముక్తసరి మాటను లకోనిక్ అంటారు. మెలికలు తిరగడాన్ని ఇంగ్లీషులో మియాండర్ అంటారు, అలా మెలికలు తిరిగే ఆ పేరు గల నది ఇప్పటి టర్కీలో ఉంది. వ్యాకరణ దోషాన్ని సోలెసిజం అంటారు, సోలై అనే ఊరివాళ్ల పలుకు బాగోలేదని ఏథెన్సువాళ్ల ఫిర్యాదు. లేఓడిసియన్ అంటే దేని మీదా గట్టి పట్టుదల లేనివాడు. లవొదికయ సంఘం గురించి బైబిల్ ప్రకటన గ్రంథంలో ఉంది, తెలుగు అనువాదంలో "నులివెచ్చన" అన్నది ఆ సంఘాన్నే.

స్పెల్లింగ్ బీలో గ్రీకు మాటలు నిజంగా అంత వస్తాయా?

అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీలో భారత సంతతి పిల్లలు గెలిచిన చివరి మాటల్లో కొన్ని చూడండి. 1999లో లాగోరియా: "లోగోస్" మాట, "రియా" ప్రవాహం, అంటే ఆగని వాగుడు. డయేరియాలో ఉన్నది ఈ "రియా"యే. 2009లో పైన చెప్పిన లేఓడిసియన్. 2011లో సైమాట్రికస్: "కైమ" అల, "థ్రిక్స్" వెంట్రుక, అంటే ఉంగరాల జుట్టు ఉన్న. 2023లో సామోఫైల్: "సామోస్" ఇసుక, "ఫిలోస్" ప్రేమించేది, అంటే ఇసుకలో బతికే మొక్క లేదా ప్రాణి. దీని మొదట్లో పలకని పి ఉంది. ధాతువు తెలిసిన పిల్లకు అది సమస్యే కాదు.

హాస్పిటల్ బోర్డుల మీద మాటలు అర్థం చేసుకోవడం ఎలా?

చివర చూడండి. "ఐటిస్" ఉంటే వాపు, మంట: టాన్సిలైటిస్, ఆర్థరైటిస్. "ఎక్టమీ" అంటే కోసి తీసేయడం: అపెండెక్టమీ. "ఆస్టమీ" అంటే రంధ్రం చేయడం, గ్రీకులో "స్టోమా" అంటే నోరు. "ఆల్జియా" అంటే నొప్పి, "ఈమియా" అంటే రక్తానికి సంబంధించినది, "ఓమా" అంటే సాధారణంగా గడ్డ. డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెట్టుకుని నెట్‌లో వెతికి భయపడేవాళ్లు ఈ ఆరు తోకలు నేర్చుకుంటే, కనీసం డాక్టరుగారిని ఏం అడగాలో తెలుస్తుంది.

ఓటోరైనోలారింగాలజీ చూసి బెదరనక్కర్లేదు, మన బోర్డుల మీద "చెవి, ముక్కు, గొంతు" అని రాస్తారే, అదే వరుసలో అవే మూడు. బీపీ మిషన్ అసలు పేరు స్ఫిగ్మోమానోమీటర్: "స్ఫిగ్మోస్" అంటే నాడి కొట్టుకోవడం. స్టెతస్కోప్‌లో "స్టెతోస్" అంటే ఛాతీ. 1816లో పారిస్‌లో రెనె లెన్నెక్ అనే డాక్టరు ఒక యువతి గుండె వినాల్సి వచ్చి, నేరుగా ఛాతీ మీద చెవి ఆనించడం బాగుండదని కాగితాలు గొట్టంలా చుట్టి విన్నాడు. నేరుగా విన్నదానికన్నా స్పష్టంగా వినిపించింది.

అన్నిటిలోకీ మనకు దగ్గరిది డయాబెటిస్. "గుండా పారిపోవడం" అని దాని అర్థం. తాగిన నీళ్లు ఒంట్లో నిలవకుండా మూత్రంగా పోతాయి కాబట్టి గ్రీకు వైద్యులు అలా అన్నారు. తర్వాత చేర్చిన "మెల్లిటస్" లాటిన్, తేనె లాంటిది అని అర్థం. ఆయుర్వేదంలో దీని పేరు మధుమేహం. ఇక్కడ మధువు, అక్కడ తేనె. రెండు చోట్లా వైద్యులు ఒకే లక్షణం పట్టుకున్నారు.

బోర్బోరిగ్మస్ అనేది నిజంగా మాటేనా?

నిజమే, వైద్య గ్రంథాల్లో ఉంది. ఆకలికో అజీర్తికో కడుపులో వినిపించే గుడగుడ శబ్దం. గ్రీకులు విన్నది విన్నట్టు పేరు పెట్టారు. మన గలగల, జలజల, గుడగుడలు కూడా ఇలా పుట్టినవే. రెండుసార్లు గట్టిగా పలికి చూడండి, అర్థం చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా పొడవైన ఇంగ్లీషు మాట గ్రీకుదేనా?

డిక్షనరీల్లో కనిపించే న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్‌లో 45 అక్షరాలున్నాయి. సన్నటి సిలికా దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. గ్రీకు, లాటిన్ కలిపి కుట్టిన మాట ఇది. 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడవు కోసమే కట్టాడు. డాక్టర్లు వాడేది సిలికోసిస్ అనే చిన్న మాట. అది క్వారీల్లో, రాళ్లు కొట్టే చోట్ల పనిచేసేవాళ్ల ఊపిరి తీసే జబ్బు కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు.

శశి థరూర్ పుణ్యమా అని ప్రచారంలోకి వచ్చిన ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్ గ్రీకు కాదు, లాటిన్. విలువ లేదని తీసిపారేయడం అని అర్థం. 2021లో కోవిడ్ మందుల నోరు తిరగని పేర్ల వెనక మీ హస్తముందేమో అని కేటీఆర్ ట్విట్టర్‌లో ఆటపట్టిస్తే, థరూర్ ఇదే మాటతో బదులిచ్చారు.

ఫోబియాల జాబితా మొత్తం నేర్చుకోవాలా?

అక్కర్లేదు. వాటిలో చాలా భాగం ఎవరో సరదాకు అల్లినవి. అగోరాఫోబియా (సంత లాంటి బహిరంగ స్థలాల భయం), జీనోఫోబియా (పరాయివాళ్లంటే భయం, ద్వేషం), ట్రిస్కైడెకాఫోబియా (13 అంకె భయం) తెలిస్తే పరీక్షలకు చాలు.

మన తెలుగులో గ్రీకు మాటలు ఉన్నాయా?

రోజూ వాడుతున్నాం. "కేంద్రం" గ్రీకు "కెంట్రాన్" నుంచి సంస్కృతంలోకి వచ్చింది. ములుకు, పొడుచుకునే మొన అని అర్థం; వృత్తం గీసేటప్పుడు కంపాస్ మొన గుచ్చుకునే చోటు కాబట్టి మధ్యబిందువు అయింది. ఇంగ్లీషు "సెంటర్" కూడా దానికే పుట్టింది. విజయవాడలో ఏదో ఒక సెంటర్‌లో నిలబడి కేంద్ర ప్రభుత్వం గురించి మాట్లాడుకునేవాళ్లు ఒకే గ్రీకు మాటను రెండు దారుల్లో వాడుతున్నట్టు. పంచాంగంలో "హోర" గ్రీకు "హోరా"యే, ఇంగ్లీషు "అవర్", "హారోస్కోప్" అక్కడివే. యవనుల నుంచి జ్యోతిషం, ఖగోళం నేర్చుకున్న కాలంలో ఇవి మన దగ్గరికి చేరాయి. యవన అన్న మాట కూడా గ్రీకుల్లో ఒక తెగ పేరైన "అయోనియన్" రూపాంతరమే. సొరంగం కూడా గొట్టం అని అర్థమున్న గ్రీకు "సిరింక్స్" నుంచి, సంస్కృత "సురంగ" మీదుగా వచ్చిందని భాషా పరిశోధకులు అంటారు. అదే సిరింక్స్ ఇంగ్లీషు వైపు వెళ్లి సిరంజి అయింది.

రాక్షసబల్లి అనేది డైనోసార్‌కు అనువాదమా?

మక్కీకి మక్కి అనువాదం, చక్కగా కుదిరింది కూడా. "డైనోస్" అంటే భయంకరమైన, "సారోస్" అంటే బల్లి. 1842లో రిచర్డ్ ఓవెన్ పెట్టిన పేరు. ఆ "సారోస్" మన ఊరి పేరుకు కూడా తగిలింది. గోదావరి, ప్రాణహిత లోయలోని "కోట" అనే పేరున్న శిలాస్తరాల్లో, యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లికి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. తెలంగాణ పల్లె పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలకెక్కింది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు బోర్డు మీది పేరు విడదీసి చెప్పండి.

తెలుగులో ఒక్క మాటలో చెప్పలేని గ్రీకు మాట ఏదైనా ఉందా?

అక్రేసియా. ఏది మంచో తెలుసు, అయినా చేయలేకపోవడం. "క్రాటోస్" అంటే పట్టు, అధికారం. డెమోక్రసీలో ఉన్నది అదే. మన మీద మనకు పట్టు లేకపోవడం అక్రేసియా. దీనికి ఒక్క మాట లేకపోయినా మనకు ఒక శ్లోకపాదం ఉంది, దుర్యోధనుడి నోట చెప్పిస్తారు: "జానామి ధర్మం న చ మే ప్రవృత్తిః". ధర్మం తెలుసు, దాని మీదకు మనసు పోదు. గ్రీకు తత్వవేత్తలు ఈ ఒక్క స్థితి మీద తెగ వాదించుకున్నారు. తెలిసి కూడా తప్పు చేయడం అసలు సాధ్యమే కాదన్నాడు సోక్రటీస్. సాధ్యమేనని, అది ఎలా జరుగుతుందో అరిస్టాటిల్ ఓపిగ్గా వివరించాడు. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూసే మనందరికీ అరిస్టాటిల్ పక్షమే సరిగ్గా అనిపిస్తుంది.

బహువచనాల్లో తప్పులు రాకుండా ఏం చేయాలి?

ముఖ్యంగా రెండు మాటలు. ఫినామినన్, క్రైటీరియన్ ఏకవచనాలు. ఫినామినా, క్రైటీరియా బహువచనాలు. "ఎ క్రైటీరియా" అని రాస్తే మార్కు పోతుంది. కుడోస్ చివర ఎస్ ఉన్నా ఏకవచనమే, కీర్తి అని అర్థం. "కుడో" అనే మాట గ్రీకులో లేదు. ఆక్టోపస్‌కు ఆక్టోపై అని చాలామంది అంటారు, అది లాటిన్ పద్ధతి, గ్రీకు మాటకు అతకదు. ఆక్టోపసెస్ అనండి, ఎవరూ తప్పుపట్టరు.